అక్క చేతులకు ఏది మంచిది

నేను అబూ ధాబీ వచ్చేసరికే అక్క చేతులు పాడైపోయి ఉన్నాయి. ఎయిర్‌పోర్టు బయట నన్ను దగ్గరికి తీసుకున్నప్పుడు మెడ వెనక ఏదో గరుకుగా గీసుకుంది. వాచీ పట్టీ అనుకున్నాను. అది ఆమె బొటనవేలు.

అక్క నర్సు. కరోనా మొదటి ఏడాదంతా వార్డులోనే పనిచేసింది. ఒక మంచం దగ్గర్నించి ఇంకో మంచం దగ్గరికి వెళ్ళేలోపు చేతులు కడగాలి, శానిటైజర్ రాయాలి, గ్లౌజుల మీద గ్లౌజులు తొడగాలి, తీసి మళ్ళీ కడగాలి. గ్లౌజుల్లో చెమటకు చర్మం నానేది. తీయగానే ఏసీ గాలికి ఎండేది. నానడం, ఎండడం, మళ్ళీ నానడం. కొన్నాళ్ళకు వేళ్ళ కణుపుల దగ్గర చీలికలు వచ్చాయి. ఆ వార్డులో చాలామందికి వచ్చాయట. మిగతావాళ్ళకి తగ్గిపోయాయి, అక్కకి తగ్గలేదు.

పగిలిన చేతులతో రోగిని ముట్టుకోకూడదని ఆస్పత్రి నియమం. చీలికల్లో క్రిములు దాక్కుంటాయి, ఎంత కడిగినా పోవు. అది న్యాయమైన నియమమేనని అక్కే చెప్పేది. అందుకని ఆమెను వార్డులోంచి తీసి కింద అపాయింట్‌మెంట్లు ఇచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. తాత్కాలికం అన్నారు. కాంట్రాక్టు పొడిగించే ముందు, సిబ్బంది ఆరోగ్యం చూసే డాక్టరు ఆ చేతుల్ని పరీక్షిస్తారు. మానితే మళ్ళీ వార్డు. మానకపోతే వీసా రద్దు, ఇంటికి ప్రయాణం. బల్ల దగ్గర కూర్చోవడానికి నర్సును ఎవరూ తెచ్చుకోరు కదా.

మేమిద్దరం అబూ ధాబీ శివారు బనియాస్‌లో ఉండేవాళ్ళం. ఒక పాత విల్లాను చెక్క గోడలతో గదులుగా చీల్చి అద్దెకిచ్చారు, అందులో ఒక గది మాది. పక్కగది వాళ్ళు ఉల్లిపాయలు వేయిస్తే మా కళ్ళు మండేవి. అక్క పడుకునే ముందు చేతులకు వాసెలిన్ దట్టంగా పట్టించి, పైన తెల్లటి నూలు గ్లౌజులు తొడుక్కునేది. దీపం తీసేశాక కూడా ఆ రెండు చేతులూ దుప్పటి మీద తెల్లగా కనిపించేవి. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ వాడింది. తగ్గినట్టే తగ్గింది. తర్వాత చర్మం ఉల్లిపొరలా పల్చబడి మరీ లోతుగా చీలింది. డాక్టరు అది ఆపమన్నాడు. ఆపితే మొదటికొచ్చింది.

నాకు మనుషులతో మాట్లాడడం చేతకాదు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి కూడా ఏ ఇంటర్వ్యూలోనూ గొంతు పెగల్లేదు. పుస్తకాలు చదువుకోవడం, రోజూ డైరీ రాసుకోవడం, ఈ రెండే నాకు తెలిసినవి. అందుకే ముసఫ్ఫాలో ఒక గోడౌన్ పైన ఉన్న చిన్న ఆఫీసులో దొరికిన ఉద్యోగం నాకు సరిపోయింది. ఆ కంపెనీ క్రీములూ షాంపూలూ తెప్పించి అమ్ముతుంది. దాంతోపాటు బయటి దేశాల్లో సౌందర్య సాధనాలు అమ్మే వెబ్‌సైట్లకు ఆ వస్తువుల గురించి రాసి పెడుతుంది. రాసేదాన్ని నేను. ఏ పదార్థం చర్మానికి ఏం చేస్తుంది, దేనికన్నా ఏది మేలు, ఎవరు వాడాలి. నోరు విప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

ఒకరోజు మా మేనేజరు, కేరళావిడ, నా కుర్చీ పక్కన నిలబడి కొత్త పని చెప్పింది. యూరప్‌లో ఒక దుకాణం హెంప్ క్రీములు అమ్ముతుందట. హెంప్ అంటే గంజాయి జాతి మొక్కే, మత్తు కలిగించే పదార్థం లేదన్నంత తక్కువగా ఉండే రకం. దాన్నుంచి తీసే పదార్థాలను పోలుస్తూ ఒక పేజీ కావాలి.

నేను తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాను. ఈ దేశంలో ఆ మాట అనడానికే భయం. దగ్గు మందు తెచ్చుకోవాలన్నా డాక్టరు చీటీ చూపించాలి.

"డరో మత్," అని నవ్వింది. "వస్తువు ఇక్కడికి రాదు. మన మాటలే అక్కడికి పోతాయి. యల్లా, కానియ్, గురువారానికి ఇచ్చెయ్."

అలా మొదలుపెట్టాను. మొదట హెంప్ గింజల నూనె. ఇది అందరూ పొరబడేది. డబ్బా మీద ఆకు బొమ్మ వేసి అమ్ముతారు గానీ గింజల్లో అసలు పదార్థాలు దాదాపు ఉండవు. నువ్వుల నూనెలాంటిదే, చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. తర్వాత సీబీడీ. పువ్వుల్లోంచి తీస్తారు. అన్నిటికన్నా ఎక్కువ పరీక్షలు జరిగింది దీని మీదే. మొహం మీద జిడ్డు తగ్గిస్తుందనీ, ఎరుపు తగ్గిస్తుందనీ అంటారు. ఆ పరీక్షల్లో చాలావరకు గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీద జరిగినవి. సీబీజీ మొక్కలో చాలా కొద్దిగా ఉంటుంది. మొక్క లేతగా ఉన్నప్పుడు మిగతావన్నీ దాని ఆమ్ల రూపంలోంచే తయారవుతాయి. క్రిముల మీదా, దురద మీదా పనిచేయవచ్చని ఆశ. సీబీఎన్ మొక్క పాతబడితే వస్తుంది, మత్తు కలిగించే పదార్థమే గాలి తగిలి అలా మారుతుంది. చర్మం విషయంలో దాని గురించి తెలిసింది బహుతక్కువ. సీబీసీ గురించి ఇంకా తక్కువ.

చదివే కొద్దీ ఒకటి అర్థమైంది. ఎండిపోయి, చీలి, రక్తం వచ్చే చేతుల మీద వీటిలో ఏదైనా పనిచేస్తుందని ఎవరూ గట్టిగా చెప్పలేదు. చెప్పలేదని రాస్తే వస్తువు అమ్ముడుపోదు. చెప్పారని రాస్తే అబద్ధం. మా వృత్తిలో దీనికొక పద్ధతి ఉంది. 'తగ్గిస్తుంది' అని రాయకూడదు, 'తగ్గినట్టు కనిపించేందుకు తోడ్పడుతుంది' అని రాయాలి. 'మాన్పుతుంది' అనకూడదు, 'ఓదారుస్తుంది' అనవచ్చు. అన్నిటిలోకీ సీబీజీ గురించే నేను అందంగా రాశాను. 'మొక్క లేతప్రాయంలో దాచుకున్న ఓదార్పు' అన్నట్టుగా ఏదో. రాసి, చదువుకుని, నాకే బాగుందనిపించింది.

ఆ శనివారం ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచి దిద్దుకుంటుంటే అక్క భుజం మీంచి వంగి చూసింది.

"ఏంటే మూగమొద్దూ, ప్రేమలేఖా?"

"ఆఫీసు పని."

"చదువు, వింటాను."

చదవనన్నాను. తనే చదువుకుంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని పెదవులు కదుపుతూ, ఒక్కోచోట ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి. అక్క మొహంలో నవ్వు పోయింది.

"ఇందులో నా చేతులకు ఏది మంచిది?"

"ఏదీ కాదక్కా."

"నువ్వే రాశావు కదే, ఓదారుస్తుందని."

"అది రాత. చేతుల మీద సరిగ్గా చూసినవాళ్ళు లేరు."

"అయితే పనిచెయ్యదని కూడా ఎవరూ చూళ్ళేదు కదా?"

"చూళ్ళేదు. అయినా ఇక్కడ అది తేవడమే నేరం. నీకు తెలుసు."

"తెలుసులే. నర్సుని, నాకు చెప్తావా?" అంది. "ఊరికే అడిగాను. ఒకవేళ అనుకో. ఒకవేళ ఉంటే ఏది?"

"సీబీజీ అనుకుంటాను. అదీ అనుకోవడమే."

తల ఊపింది. వెళ్ళి బియ్యం కడగడం మొదలుపెట్టింది. కడగొద్దని లేచి గిన్నె లాక్కున్నాను. నీళ్ళు తగిలితే మండుతుందని తెలిసి కూడా మర్చిపోయేది.

తర్వాత వారాల్లో ఆ మాట మళ్ళీ రాలేదు. పరీక్ష దగ్గరపడుతోందని మాత్రం ఇద్దరికీ గుర్తుండేది. గ్లౌజు తీసి, చేతులు కిటికీ వెలుగులో పెట్టి, "నిన్నటికన్నా నయంగా లేదూ?" అని అడిగేది. నేను చూసేదాన్ని. ఒకచోట మూసుకుంటే ఇంకోచోట తెరుచుకునేది. "నయమే," అనేదాన్ని.

ఊరి నుంచి మా సామాను ఒక అన్నయ్య తెచ్చేవాడు. ముసఫ్ఫాలో ఏసీ మెకానిక్కు. మాది ఒకే మండలం, ఆదివారం ప్రార్థనకు ఒకే చోటికి వెళ్ళేవాళ్ళం. సెలవు మీద వెళ్ళిన ఎవరైనా తిరిగొచ్చేటప్పుడు పదిళ్ళ పార్సిళ్ళు మోసుకురావడం ఇక్కడి అలవాటు. దానికొక పద్ధతి కూడా ఉంది. మూట కట్టి ఇవ్వకూడదు. మోసేవాడి ఎదుట విప్పి ఇవ్వాలి, అతను ఒక్కొక్కటీ చూసుకుని తన చేత్తో మళ్ళీ కట్టుకుంటాడు. అందుకుని వాడేవాళ్ళకు వీడియో కాల్‌లో అదంతా చూపిస్తాడు. ఇందులో ఎవరూ నొచ్చుకోరు. గసగసాలు కూడా ఈ దేశంలోకి రాకూడదు. కూరలో వేసుకునే గసగసాలు తెచ్చి చిక్కుల్లో పడ్డవాళ్ళ కథలు పనివాళ్ళుండే ప్రతి క్యాంపులోనూ ఉంటాయి.

సెలవు మీద ఊరెళ్ళిన అన్నయ్య, తిరిగొచ్చే ముందు ఒక మధ్యాహ్నం అక్కడి మా ఇంటి వరండాలో కూర్చుని ఫోన్ చేశాడు. ఫోన్‌ను చెంబుకు ఆనించి పెట్టినట్టున్నాడు, బొమ్మ పక్కకు ఒరిగి ఉంది. అక్కా నేనూ మంచం మీద పక్కపక్కన కూర్చున్నాం. అమ్మ తెరలోకి వంగి మమ్మల్ని చూసి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆయ్, పిన్నిగారూ, మొదలెడదామండి," అన్నాడు అన్నయ్య. "ఇదేటండీ?"

"మసాలా పొడి."

"గసగసాల్లేవు గదా?"

"లేవయ్యా. నా చేత్తో దంచాను. ఎన్నిసార్లు చెప్తావు?"

"ఎన్నిసార్లయినా అడుగుతానండి. మా క్యాంపులో ఒకడు ఎవరిదో మూట విప్పకుండా మోసుకొచ్చి లోపలికెళ్ళాడు. ఇంకా రాలేదండి." వాసన చూసి పక్కన పెట్టాడు. "ఇది ఆవకాయ. చెల్లెమ్మకా? అసలే మాటాడదు, ఇది తింటే ఇంకేం మాటాడుద్ది!"

అక్క పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను. కందిపొడి వచ్చింది. నాకు కుట్టించిన రెండు జాకెట్లు వచ్చాయి. తర్వాత ఒక చిన్న గుండ్రటి డబ్బా. చిన్నప్పట్నించీ మా ఇంట్లో చలికాలం వాడే కోల్డ్ క్రీమ్ డబ్బా.

అన్నయ్య మూత తీశాడు. వేలితో కాస్త తీసి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పిన్నిగారూ, ఇది తెల్లగా కదండీ ఉంటాది?"

అన్నయ్య ఆ వేలిని ఫోన్‌కు దగ్గరగా పెట్టాడు. ఆకుపచ్చగా ఉంది. ఎండుగడ్డి వాసనొస్తోందని చెప్పాడు.

"మందు బాబూ. పెద్దదాని చేతులకు. ఆయుర్వేదం కొట్టువాడు తెప్పించి ఇచ్చాడు. డబ్బా మీద ఆకు బొమ్మ ఉందని, చూసి ఎవరైనా కంగారుపడతారని ఇందులోకి తీశాను," అంది అమ్మ.

నాకు అప్పుడు అర్థమైంది. అమ్మకు చట్టం తెలీదు. ఆకు బొమ్మ చూస్తే భయపడతారని మాత్రం తెలుసు. ఎంతో జాగ్రత్తపడి, స్పూనుతో గీకి, వేరే డబ్బాలోకి మార్చింది. ఇక్కడి ఎయిర్‌పోర్టులో ఆ డబ్బాను తెరిచినవాళ్ళకు అది మందులా కనిపించదు, దాచిపెట్టినదానిలా కనిపిస్తుంది. దాన్ని మోసిన మనిషి ఎవరికి ఏమని చెప్పుకుంటాడు?

మాట్లాడాలని నోరు తెరిచాను. అక్క చెయ్యి నా మణికట్టు మీద పడింది.

గ్లౌజు లేదు. గరుకైన వేళ్ళు గట్టిగా బిగుసుకున్నాయి. అక్క నావైపు చూడలేదు, తెరవైపే చూస్తోంది. ఫోన్‌లో అన్నయ్య డబ్బా మూత పెడుతున్నాడు. "మందయితే సరేలెండి, చీటీ ఉంటే ఇవ్వండి," అంటున్నాడు. ఆ మనిషికి ఇద్దరు చిన్నపిల్లలు. అప్పుడే వాళ్ళలో ఒక పిల్ల వచ్చి అతని వీపు మీద వాలింది.

అక్క చెయ్యి తీసేసింది.

"అన్నయ్యా, అది పెట్టుకోవద్దు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. "అది గంజాయి జాతి మొక్కది. ఇక్కడ దొరికితే జైలు."

అమ్మ, "మందే కదమ్మా," అంది ఎవరితోనో అన్నట్టు. అన్నయ్య డబ్బాను నేల మీద దూరంగా పెట్టి, వేలిని గోడకు రుద్దాడు. తర్వాత లుంగీకి తుడిచాడు. మళ్ళీ గోడకు రుద్దాడు. అప్పటికే చూసి పక్కన పెట్టినవాటిని ఒక్కొక్కటే తిరిగి అమ్మ ముందు పెట్టాడు. మసాలా పొడి, ఆవకాయ, జాకెట్లు.

"ఖలాస్ పిన్నిగారూ. ఏమనుకోకండి. ఈసారి మీవేం పట్టుకెళ్ళను."

"ఆ డబ్బా ఒక్కటీ తీసేస్తాను బాబూ, మిగతావి..."

"వద్దండి. నాకు భయమేసేసిందండి," అన్నాడు. కోపంగా అనలేదు. పిల్లను ఎత్తుకుని లేచాడు. ఫోన్ ఎవరూ ఆపలేదు. మా వరండా పైకప్పు చాలాసేపు కనిపిస్తూనే ఉంది.

అక్క గ్లౌజులు తెచ్చుకుని తొడుక్కుంది. "అది దొరుకుతుందేమో అమ్మను చూడమన్నాను. పంపమనలేదు," అంది.

"తెలుసు."

"నీకేం తెలుసు? డబ్బా చూడగానే నాకు తెలిసిపోయింది. నీకన్నా ముందే తెలిసింది."

"చెయ్యి తీశావు కదక్కా."

"ఎంతసేపటికి తీశానో చూశావా? ఆ పిల్ల రాకపోతే?" అని, సమాధానం వినకుండా బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత మా సామాను మోయడానికి ఎవరూ ముందుకు రాలేదు. అన్నయ్య ఎవరితోనూ చెప్పలేదనే అనుకుంటున్నాను. ప్రార్థన దగ్గర కనిపిస్తే బాగున్నారా అని అడిగేవాడు, కాసేపు నిలబడేవాడు. కానీ ఎవరు ఊరెళ్తున్నా ఆ సంగతి మాకు వాళ్ళు వెళ్ళాకే తెలిసేది. అక్క కొన్ని ఆదివారాలు ప్రార్థనకు రావడం మానేసింది.

పరీక్షకు నేనూ వెంట వెళ్ళాను. డాక్టరమ్మ అరబ్బావిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది. అక్క చేతులు తన చేతుల్లోకి తీసుకుని దీపం కింద తిప్పి చూసింది. ఏమేం వాడావని అడిగితే అక్క ఆయింట్‌మెంట్ల పేర్లన్నీ చెప్పింది. ఆవిడ వింటూనే తల అడ్డంగా ఊపింది. ఇది క్రీములతో పోయేది కాదనీ, నీళ్ళూ సబ్బూ గ్లౌజులూ మానేస్తే అదే మానుతుందనీ చెప్పింది. నీ చేతులకు ఈ పని పడదు హబీబ్తీ అని లాలనగా అంది.

"పని మానేస్తే నేనిక్కడ ఉండను కదా డాక్టర్," అంది అక్క.

ఆవిడ అక్క చేతులు వెంటనే వదల్లేదు. కాసేపు అలాగే పట్టుకుని, తర్వాత బల్ల మీద పెట్టింది. మంచి మనిషే. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

వీసా రద్దయ్యింది. అక్క వెళ్ళేరోజు తన గ్లౌజులూ వాసెలిన్ డబ్బా కూడా పెట్టెలో సర్దుకుంటుంటే, అవి నాకోసం వదిలేస్తావేమో అనుకున్నానన్నాను. "నీ చేతులు పూలరేకులు కదే, రాసుకునే చేతులు. నీకెందుకు?" అంది. నవ్వుతూనే అంది. నేను వచ్చినప్పట్నించీ ఆమె అన్న మాటల్లో నన్ను గుచ్చింది అదొక్కటే.

ఇంటికి వెళ్ళాక ఆ ఆకుపచ్చ క్రీము వాడింది. అక్కడ దానికి అడ్డేమీ లేదు. అమ్మ దాన్ని పారేయకుండా బీరువాలో దాచి ఉంచింది. నాలుగైదు వారాలయ్యాక ఫోన్‌లో అడిగాను, ఎలా ఉందని.

"గడ్డి కంపు. మెత్తగా ఉంటుంది. కొబ్బరినూనె రాసినా మెత్తగానే ఉంటుంది," అంది. "నువ్వు రాసింది బాగుందే. ఇది నువ్వు రాసినట్టు లేదు."

చేతులు మాత్రం మానాయి. క్రీముతో కాదు, వార్డు లేక. గ్లౌజులు తొడగక, గంటగంటకూ కడగక, చర్మం తనంతట తనే అతుక్కుంది. వీడియోలో రెండు అరచేతులూ తెరకు ఆనించి చూపించింది. చిన్నపిల్లలా తిప్పి తిప్పి చూపించింది. నేను ఆరోజు డైరీలో చాలా రాసుకున్నాను.

చేతులు బాగయ్యాయి కనక మా ఊళ్ళో ఒక నర్సింగ్‌హోమ్‌లో చేరింది. ఇంకేం చేస్తుంది, ఆమె నేర్చుకున్న పని అదొక్కటే. దానికోసమే అంత చదివింది, ఇంత దూరం వచ్చింది. చేరిన కొద్ది వారాలకే కణుపుల దగ్గర మళ్ళీ మొదలైంది. ఆ సంగతి అక్క చెప్పలేదు, అమ్మ చెప్పింది.

మా ఆఫీసులో ఆ పేజీని ఏటా కొత్తగా దిద్దుతాం. ఇంకో రెండు కొత్త పదార్థాలు వచ్చాయి. వాటి గురించి చదివాను, పోల్చాను, జాగ్రత్తగా మాటలు ఏరి రాశాను. బాగా రాస్తానని ఆ దుకాణంవాళ్ళు మెచ్చుకుంటారట. నా గదిలో ఇప్పుడు ఇంకో అమ్మాయి ఉంటోంది, తనూ నర్సే. రోజూ తన చేతులవైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తాను.

మొన్న అక్కతో మాట్లాడాను. డ్యూటీ దిగి వచ్చింది, మొహం అలసిపోయి ఉంది. మాట్లాడినంతసేపూ చేతులు తెర కిందే ఉంచుకుంది. జుట్టు మొహం మీద పడితే ఊది తోసుకుంది గానీ చెయ్యి పైకెత్తలేదు.

"పని మానెయ్యక్కా," అన్నాను.

"మానేసి?" అంది.

అమ్మ పిలుస్తోందని ఫోన్ పెట్టేసింది.